గుడి పేరు, కాగితం పేరు: విశాఖలో మూడు రోజులు

గురువారం రాత్రి, ఒంగోలు

బండి గంటా పది నిమిషాలు లేటు. ప్లాట్‌ఫాం మీద దోమలు, నేను, అమ్మ కట్టిచ్చిన గోంగూర పచ్చడి సీసా. మూత మీద పాలిథిన్ కవరు, దానికి నాలుగు రబ్బరు బ్యాండ్లు, ఆపైన పాత తువ్వాలు. విశాఖపట్నంలో ఇంత పుల్లటి గోంగూర దొరకదని అమ్మ నమ్మకం. బాబాయి అక్కడ స్థిరపడి నలభై ఏళ్ళు కావస్తున్నా ఆ నమ్మకం సడల్లేదు.

వెళ్తున్నది సభలకి. విశాఖలో ఒక సెమినరీ వాళ్ళు, అంటే ఫాదర్లు కావడానికి చదివే బడివాళ్ళు, విశ్వాసం, సామాజిక న్యాయం అనే విషయం మీద మూడు రోజులు మాట్లాడిస్తున్నారు, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చన్నారు. అది క్యాథలిక్కుల సెమినరీ, మేమేమో బాప్టిస్టులం. కబురు చెప్పిన స్నేహితురాలు క్యాథలిక్కు. "మేం మరియమాత అంటాం, మీరు మరియమ్మ అంటారు. దానికోసం టిక్కెట్టు మానుకోకు" అంది.

నన్ను లాగింది తేదీలు. 2025 ఆగస్టు 8, 9, 10. షెడ్యూల్డు కులాల జాబితా ప్రకటిస్తూ రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది 1950 ఆగస్టు 10న. అంటే ఈ ఆదివారానికి సరిగ్గా డెబ్బై అయిదేళ్ళు. ఆ ఉత్తర్వులో మూడో పేరా ఒకటుంది: హిందూ మతం కాక వేరే మతంలో ఉన్నవాళ్ళని షెడ్యూల్డు కులస్థులుగా లెక్కించరాదని. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని లోపలికి రానిచ్చారు. మేం, దళిత క్రైస్తవులం, గుమ్మం బయటే ఉన్నాం. ఆంధ్రాలో మమ్మల్ని వెనకబడిన తరగతుల్లో బీసీ-సి అనే గుంపులో వేశారు. రిజర్వేషన్లో వాటా ఒక్క శాతం.

ఆ పేరా మా ఇంటి మధ్యలోంచే పోయింది. మా ఊరు గుండ్లకమ్మ పక్కన. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర ఆ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వాళ్ళలో మా ముత్తాత తండ్రి ఉన్నాడని ఇంట్లో చెప్పుకుంటాం. అది కరువు వెళ్ళిన కాలం. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ పని కాంట్రాక్టుకి తీసుకుని కూలి ఇప్పించాడు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని, ఆ పనులు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపాడనీ అంటారు. ఆ మాట ఎలాగూ పడ్డాం. ఇప్పటికీ పడుతూనే ఉన్నాం.

నాన్న, బాబాయి ఇద్దరూ మిషన్ బళ్ళోనే చదివారు. కుల ధ్రువపత్రం దగ్గరకొచ్చేసరికి నాన్న క్రైస్తవుణ్ణని చెప్పాడు. బీసీ-సి అయ్యాడు, అదే మిషన్ బళ్ళో లెక్కల పంతులుగా జీవితం గడిపాడు. నాలుగేళ్ళు చిన్నవాడైన బాబాయి కాగితంలో హిందువు, కాబట్టి ఎస్సీ. మతం గడి హెడ్మాస్టరుగారే నింపేశారని ఇంట్లో కథ. బాబాయికి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. కాగితంలో ఆయనది ఏడుకొండలవాడి పేరు, గుడిలో పన్నెండుమంది శిష్యుల్లో ఒకరి పేరు. మా వైపు చర్చిని గుడి అనే అంటాం.

అన్నదమ్ములు దీని గురించి ఒక్కమాట అనుకోగా నేను వినలేదు. నాన్న పోయి తొమ్మిదేళ్ళు. ఆయన దస్తూరి అచ్చుపోసినట్టుండేది. గుడి బాప్తిస్మాల రిజిస్టరు, పల్లెలో, అంటే మా దళితవాడలో, అందరి అర్జీలు ఆయన చేతిరాతే. నేను నిజం చెప్పినవాడి కూతురినన్న గర్వం నాకు చిన్నప్పట్నుంచీ ఉంది, దాచుకోవడం దేనికి? మొన్న మెగా డీఎస్సీ రాసి ఫలితాల కోసం చూస్తున్నప్పుడు ఆ గర్వం కాస్త చేదుగా ఉంటుంది, అంతే.

బాబాయిని అడిగే ఇదంతా రాస్తున్నాను. "రాసుకో అమ్మాయ్, పేర్లు మాత్రం వద్దు. రెండూ వద్దు" అన్నాడు.

శుక్రవారం, ఆగస్టు 8

అనకాపల్లి దాటాక తెల్లారింది. దువ్వాడలో దిగాను. ఆటో అబ్బాయి "కూర్మన్నపాలెమా? నూటేభై ఇచ్చీండమ్మా" అన్నాడు. బేరం ఆడితే "ఈ రోజు శ్రావణ శుక్రవారం, లక్ష్మీదేవితో బేరమేటి" అన్నాడు. లక్ష్మి ఎవరో, ఇచ్చేదెవరో తేలకుండానే నూట ఇరవైకి కుదిరాం.

నిజమే, వరలక్ష్మీ వ్రతం. బాబాయి వాళ్ళ వీధంతా కడిగిన వాకిళ్ళు, మామిడాకులు. బాబాయి గేటు దగ్గర బనీనుతో నిలబడి ఉన్నాడు. సీసా చూసి నన్ను తర్వాత చూశాడు.

సెమినరీ ఊరికి ఆ చివర, మధురవాడ కూడా దాటాక. కూర్మన్నపాలెం నుంచి రెండు బస్సులు. గాజువాక ట్రాఫిక్కు గురించి ఎవరో ఒకరు కీర్తన రాయాలి. గేటు లోపల మాత్రం వేరే లోకం: ఎర్రమట్టి దారి, జీడిమామిడి చెట్లు, సైకిళ్ళ మీద తెల్ల అంగీల కుర్రాళ్ళు. ఫాదర్ కావడానికి చదువుతున్న పిల్లల్ని ఇక్కడ బ్రదర్ అంటారు. ఒక బ్రదర్ రిజిస్టరు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పేరు, ఊరు, విచారణ, ఫోను. విచారణ అంటే ఏమిటో నాకు తెలీక "విచారణకే వచ్చాను" అన్నాను. పక్కనున్న సిస్టర్లు నవ్వారు. వాళ్ళ భాషలో అది ఒక ఫాదరు పరిధిలోని సంఘం. మా పాస్టరుగారి సంఘం పేరు రాశాను. పక్క గడిలో నా పేరు. నాకు ఒకటే పేరు, తడుముకోకుండా రాసేశాను.

పొద్దుటి ప్రసంగం ఈ ఊళ్ళో క్రైస్తవం గురించి. లండన్ మిషనరీ సొసైటీ తరఫున క్రాన్, డె గ్రాంజ్ అనే ఇద్దరు 1805లో విశాఖలో దిగారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తల్ని తెలుగులో పెట్టారు, అవి 1812లో సీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అచ్చయ్యేనాటికి ఆ ఇద్దరూ లేరు. నేను చిన్నప్పుడు కంఠస్థం చేసిన వాక్యాల మొదటి అచ్చు రూపం ఈ ఊరి ఉక్కపోతలో తయారైందన్నది నాకు కొత్త. ముసలి ఫాదర్ ఒకాయన చివర్లో అన్నారు: "అచ్చయిన తెలుగు సువార్తకి సాయం పట్టిన మొదటి చెయ్యి అగ్రహారానిది, దాన్ని నమ్ముకున్న చేతులు ఎక్కువగా పల్లెలవి. ఈ రెండిటి మధ్య దూరమే మన సబ్జెక్టు." ఆ మూడు రోజుల్లో ఇంత సూటిగా విషయం చెప్పినవాళ్ళు మరొకరు లేరు.

మధ్యాహ్నం కార్మికుల సంగతి. 1891లో పదమూడో లియో పోపు కూలీల హక్కుల మీద ఒక విశ్వలేఖ రాశారు: న్యాయమైన కూలి, సంఘం పెట్టుకునే హక్కు. మొన్న మే 8న ఎన్నికైన కొత్త పోపు పద్నాలుగో లియో అని పేరు పెట్టుకోవడానికి ఆ లేఖ ఒక కారణం. నేను పేర్ల లెక్కలోనే ఉన్నాను కాబట్టి నాకు ఇదే తట్టింది: కాగితం పేరు ఒకటి, గుడి పేరు ఒకటి ఉన్నా ఎవరూ నిలదీయని ఉద్యోగం ప్రపంచంలో అదొక్కటేనేమో.

ఉక్కునగరంలో కూలి గురించి మాట్లాడుతూ రోములో ఆగిపోతే ఎలా? ఒక కాంట్రాక్టు కార్మికుడు మైకు దగ్గరకొచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయని, "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్న నినాదం ఊరూరా మోగిందని అందరికీ తెలిసిందే చెప్పాడు. తర్వాత గొంతు మారింది. "హక్కు ఆంధ్రులందరిదీనండి. భూమి మాత్రం మాది. నిర్వాసితులమని, ప్లాంటులో ఉద్యోగానికని ఆర్ కార్డు ఇచ్చారు. మా నాన్న దాన్ని ట్రంకు పెట్టెలో దాచాడు. మా నాన్న ఎల్లిపోయాడు, కార్డు ఉంది. నేను కాంట్రాక్టరు కింద చేరాను. ఈ ఏడాది కాంట్రాక్టరు తీసీసాడు." జనవరిలో కేంద్రం ప్లాంటుకి 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది కదా అని ఎవరో అడిగారు. "పేపర్లో సూసేనండి" అన్నాడు. అంతకన్నా ఏమీ అనలేదు. అతను దిగిపోయాక ఒక ఉపన్యాసకుడు లేచి పదిహేను నిమిషాలు అతను చెప్పిందాన్నే కష్టమైన మాటల్లో చెప్పాడు. సభలకు ఈ జబ్బు ఉంటుంది.

ఇంటికొచ్చేసరికి ఎనిమిదైంది. పిన్ని పట్టుచీర కట్టుకుని పేరంటం నుంచి వస్తోంది. కాళ్ళకు పసుపు, చేతిలో తమలపాకులు, నానబెట్టిన శనగలు, జాకెట్టు ముక్క. నేను చూసిన చూపు ఆవిడకి అర్థమైంది.

"ఏమ్మా, నీకు కొత్తా?"

"నాకేం, మా పాస్టరమ్మ చూస్తే..."

"మీ పాస్టరమ్మ పక్కింట్లో వీళ్ళుండరు. క్వార్టర్సులో ఉన్నప్పుడు మొదట్లో భయానికే వెళ్ళేదాన్ని, అనుమానం రాకూడదని. తర్వాత నా పెద్దాపరేషనప్పుడు పదకొండు రోజులు ఆస్పత్రికి క్యారేజీ పంపింది వీళ్ళే. ఇప్పుడు భయానికి వెళ్తున్నానో, ఇష్టానికి వెళ్తున్నానో నాకే తెలీదు. శనగలు తింటావా?"

తిన్నాను. పచ్చివి, కొబ్బరి ముక్కతో. బావున్నాయి.

శనివారం, ఆగస్టు 9

ఆదివాసీ దినోత్సవం. పొద్దున్నే ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్ళు థింసా ఆడారు. బ్రదర్లు కలవబోయి అడుగు తప్పారు. ఒకళ్ళ నడుము వెనక ఒకళ్ళు చెయ్యి వేసి వంకర గీతలా కదిలే ఆ ఆటలో ఒక్కడు తప్పినా వరసంతా తూలుతుంది.

అనంతగిరి వైపు నుంచి వచ్చిన ఆవిడ సమత తీర్పు గురించి చెప్పింది. బొర్రా చుట్టుపక్కల గిరిజనుల భూముల్లో గనుల లీజుల మీద సమత అనే సంస్థ సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. 1997 జులై 11న తీర్పు. జస్టిస్ కె. రామస్వామి రాసిన మెజారిటీ తీర్పు ప్రకారం, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడికి భూమి ఇవ్వకూడదన్న చట్టంలో 'వ్యక్తి' అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుంది. సర్కారు కూడా తన భూమిని ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వకూడదు. ఆవిడ దీన్ని లాయరులా చెప్పలేదు. "ఆ రోజు నుంచి మా కొండ దగ్గర సర్కారు కూడా మా లాంటి మనిషే" అంది. తర్వాత చాలా మామూలుగా ఇంకో మాట అంది. తను క్రైస్తవురాలు, అన్న కాదు, ఇద్దరికీ ఎస్టీ పత్రం ఉంది. ఎస్టీల ఉత్తర్వులో మీ మూడో పేరా లాంటిది లేదు కదా అని.

తెలుసు, చదివాను. కానీ ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరు చెరొక దేవుణ్ణి కొలుస్తూ ఒకే పత్రం మీద బతకడం ఎదురుగా కనిపించేసరికి కాసేపు నేను ప్రసంగం వినలేదు.

భోజనాలు వాళ్ళ మెస్సులోనే. క్యాబేజీ శనగపప్పు కూర, చారు, చేప వేపుడు అడిగినవాళ్ళకి. కర్నూలు వైపు బ్రదర్ ఒకడు నా ఎదురుగా కూర్చుని మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. సెమినరీలో కులం ఉంటుందా అని అడిగాను. చారు తాగడం అయ్యేదాకా జవాబు చెప్పలేదు. "టేబుల్ దగ్గర ఉండదక్కా. సెలవులకి ఇంటికెళ్తున్నప్పుడు ఎవరు ఎవరింట్లో ఆగుతారో చూస్తే తెలిసిపోద్ది" అన్నాడు. మధ్యాహ్నం ఇదే ప్రశ్న సభలో వచ్చింది. ముసలి ఫాదర్ తప్పించుకోలేదు. మన హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీగారు 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు, దళితుల్లో ఆయనే మొదటివారు. "సంతోషించండి. తర్వాత ఆ సంవత్సరం అంకె ఇంకోసారి చదవండి" అన్నారు.

ఇక నేను ఎదురుచూసిన ప్రసంగం. వక్త ఒక సిస్టరు, వకీలు కూడా. నల్లకోటు, మెడలో సిలువ. మైకు అక్కర్లేని గొంతు. సూసై కేసుతో మొదలుపెట్టింది. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే మనిషి సూసై. షెడ్యూల్డు కులాల చర్మకారులకి సర్కారు ఉచితంగా బంకులు ఇస్తుంటే, క్రైస్తవుడివని ఆయనకి ఇవ్వలేదు. సుప్రీంకోర్టు 1985లో చెప్పింది: మతం మారాక కూడా కులం బాధ అంతే తీవ్రంగా ఉందని చూపించాలి, అందుకు ఆధారాలు సరిపోలేదు. సిస్టరు ఆగి హాలంతా చూసింది. "అదే రోడ్డు, అదే ఎండ, అదే ఆరె, అదే తోలు. ఆధారం ఇంకెక్కడినుంచి తేవాలి?"

మా తాత తోలు కుట్టిన ఆరె, కోసిన రంపె ఇప్పటికీ మా ఇంట్లో గూట్లో ఉన్నాయి. బైబిలు పక్కనే.

తర్వాతదంతా ఇంకా చిక్కు. మన రాష్ట్రంలో 1977లో 341 నంబరు జీవో వచ్చింది. మారిన క్రైస్తవులకి కొన్ని ఆర్థిక రాయితీలు ఇచ్చింది, కులహోదా ఇవ్వలేదు. షెడ్యూల్డు కులాల జాబితాకి ఆధారమైన రాజ్యాంగ అధికరణం నంబరూ 341 కావడం కాకతాళీయం. "అధికరణం 341 తీసుకుంది, జీవో 341 చిల్లర తిరిగిచ్చింది" అంది సిస్టరు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే ఉత్తర్వుని మతంతో ముడి తెంపమంది. 2022లో అదే సంగతి చూడమని బాలకృష్ణన్ కమిషన్ వేశారు, గడువు పొడిగించారు. 2023 మార్చిలో మన అసెంబ్లీ దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. ఈ ఏప్రిల్‌లో ఎస్సీల వర్గీకరణ ఆర్డినెన్సు వచ్చింది, మాదిగలు, ఉపకులాలకి ఆరున్నర శాతం. మా పల్లెలో డప్పులు కొట్టారు. ఎస్సీ పత్రం లేని ఇళ్ళవాళ్ళమూ కొట్టాం, అలవాటు కొద్దీ. అదే నెల 30న హైకోర్టు, పదేళ్ళుగా పాస్టరుగా ఉన్న మనిషి పెట్టిన అట్రాసిటీ కేసు కొట్టేసింది, మతం మారినవాడికి ఆ చట్టం రక్షణ లేదని. కులం పేరుతో తిట్టినవాడికి మాత్రం ఆ పాస్టరు ఏ మతమో గుర్తుండదు.

ప్రశ్నలు చీటీల మీద రాయమన్నారు. పేరు రాయక్కర్లేదన్నారు. నేను రాశాను: "నిజం చెప్పినవాళ్ళకి నష్టం, దాచినవాళ్ళకి ఉద్యోగం. దాచినవాళ్ళని సంఘం ఎందుకు అడగదు?" రాసేటప్పుడు చాలా బావుందనిపించింది.

సిస్టరు చదివి, చీటీ తిప్పి వెనకవైపు కూడా చూసింది. "ఇది రాసినవారికి కోపం ఉంది. ఉండాలి. కానీ ఆ కోపం పేరా మీద లేదు, ఇంట్లో ఎవరి మీదో ఉంది" అని పక్కన పెట్టి ఇంకో చీటీ తీసింది.

చెవులు వేడెక్కాయి.

సాయంత్రం స్నేహితురాలు పాత నగరం వైపు తీసుకెళ్ళింది. ఓడరేవు ముంగిట మూడు కొండలు. ఒకదాని మీద మరియమాత గుడి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి. మేరీమాత ఉన్నదాన్ని రాస్ హిల్ అంటారు, 1864లో రాస్ అనే దొర అక్కడ ఇల్లు కట్టుకున్నాడట. మెట్లెక్కి చూస్తే కింద ఓడల దీపాలు. మత సామరస్యానికి ఫొటో తీసుకునే చోటని అందరూ చెప్తారు, నేనూ తీశాను. బాబాయి అయితే ఇక్కడ రెండు కొండలెక్కాలి, ఒక్కో పేరుతో ఒక్కోటి అనుకున్నాను. తర్వాత ఆ పరాచికం నాకే నచ్చలేదు. బీచికెళ్ళి మూరీ మిక్చరు తిని కూర్మన్నపాలెం బస్సెక్కాను.

ఆదివారం, ఆగస్టు 10

పొద్దున బాబాయి వాళ్ళ గుడికి వెళ్ళాం. రేకుల షెడ్డు, ఎనభై మంది, కీబోర్డు, చెవులు పగిలే స్పీకర్లు. ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నా బాబాయి తలుపు పక్కన ఆఖరి వరసలో కూర్చున్నాడు. ఎందుకని పిన్నిని అడిగాను. "సర్వీసులో ఉన్నప్పుడు అలవాటు. ప్లాంటు వాళ్ళెవరైనా కనిపిస్తే లేచి బయటికెళ్ళడానికి. రిటైరై అయిదేళ్ళయింది. కాళ్ళకి ఇంకా రిటైర్మెంటు రాలేదు."

అన్నం తిన్నాక చెప్పులేసుకుంటూ బాబాయి తనూ వస్తానన్నాడు. "ఏం చెప్తారో వింటా. బస్సు పాసు ఎలాగూ ఉంది."

ముగింపు సభ మూడింటికి. గేటు దగ్గర నల్ల రిబ్బన్లు పంచుతున్నారు. బాబాయి తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. రిజిస్టరు దగ్గర మొన్నటి బ్రదరే. "పేరు చెప్పండి అంకుల్" అన్నాడు పెన్ను పట్టుకుని.

బాబాయి నావైపు చూశాడు. ముప్పై అయిదేళ్ళకు పైగా ప్లాంటు గేటులో కార్డు చూపించిన మనిషి. నేనేమైనా చెప్తానేమోనని ఎదురుచూశాడనుకుంటా. నాకు ఏ పేరూ నోటికి రాలేదు.

"ఈ అమ్మాయి పేరు ఉందా అందులో?" అన్నాడు.

"ఉందండి."

"దాని కింద 'వాళ్ళ బాబాయి' అని రాసుకో నాయనా."

బ్రదర్ అలాగే రాశాడు. ఊరు, ఫోను కూడా అడగలేదు.

సభ పెద్దదే. చుట్టుపక్కల విచారణల నుంచి లారీల్లో వచ్చారు, ముస్లిం పెద్దలు ఇద్దరు, అంబేడ్కర్ సంఘం వాళ్ళు. మొదటి గంటలో ఉపన్యాసాలు, తీర్మానాలు, నినాదాలు. ఏ ఊళ్ళోనైనా ఇవి ఒకలాగే ఉంటాయి. ఆమోసు ప్రవక్త మాట ముగ్గురు ముగ్గురూ చెప్పారు, న్యాయం నీళ్ళలా పారాలని. నాలుగో ఆయన కూడా మొదలుపెట్టబోయి నవ్వుకుని మానేశాడు.

మళ్ళీ చీటీలు వచ్చాయి. బాబాయి ఒకటి అడిగి తీసుకున్నాడు. మోకాలి మీద డైరీ పెట్టుకుని చాలాసేపు రాశాడు, చెయ్యి అడ్డం పెట్టుకుని, బళ్ళో పిల్లాడిలా. మడిచి నాలుగు మడతలు చేశాడు.

సిస్టరు ఏడెనిమిది చీటీలకి జవాబులు చెప్పింది. తర్వాత ఒకటి విప్పింది, నాలుగు మడతలది. పైకి చదివింది: "నేను పోయాక సమాధి రాయి మీద గుడి పేరు వేయిస్తే పిల్లల ఉద్యోగానికి ఏమైనా ఇబ్బంది వస్తుందా?"

ముందు వరసల్లో ఒకరిద్దరు నవ్వారు. వెనక వరసల్లో ఎవరూ నవ్వలేదు. నా పక్కనున్న పెద్దావిడ కొంగు సర్దుకుని కొంచెం ముందుకి వంగింది. జవాబు ఆవిడకీ కావాలి. నేను బాబాయి వైపు తిరగలేదు. ఆయన సీలింగు ఫ్యాను చూస్తున్నాడని కంటి చివరనుంచి తెలుస్తోంది. వాళ్ళమ్మాయి, నా చెల్లెలు, సర్కారు బళ్ళో టీచరు.

సిస్టరు మైకు దగ్గర్నుంచి కొద్దిగా వెనక్కి జరిగింది. "కుల పత్రాల మీద 1993లో మన రాష్ట్రం చేసిన చట్టం ఉంది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే కలెక్టరు విచారించవచ్చు, పత్రం రద్దు చేయవచ్చు. అందుకని దీనికి జవాబు నేను మైకులో చెప్పను. రాసినవారు కావాలంటే బయట చెట్టు కింద కలవండి. పేరు చెప్పక్కర్లేదు." చీటీని ముక్కలుగా చించి తన సంచిలో వేసుకుంది.

నిన్న నా చీటీని అలా చించలేదు. బల్ల మీద వదిలేసింది.

సభ అయ్యాక జీడిమామిడి చెట్టు కింద వరస కట్టారు. ఇరవై మంది పైనే. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా నిలబడ్డారు, రేషన్ షాపు దగ్గర అప్పు ఉన్నవాళ్ళలా. బాబాయి వరసలో నిలబడలేదు. టీ తాగుతూ దూరంగా నిలబడి ఆ వరస ఎంత పొడుగుందో చూస్తూ ఉన్నాడు. "ఇంతమందిమా" అన్నాడొకసారి. నాతో కాదు.

రాత్రి బండికి దువ్వాడ తీసుకొచ్చాడు. బెంచీ మీద కూర్చున్నాం. నేనే తెచ్చాను మాట.

"బాబాయ్, నిన్న నేనూ చీటీ రాశా."

"తెల్సులే. రాత్రి అన్నం తినలేదుగా సరిగా."

"హెడ్మాస్టరుగారు ఆ రోజు నీ అర్జీ నింపకుండా ఉంటే..."

"హెడ్మాస్టరు ఎక్కడ నింపాడు?" బాబాయి జేబులోంచి నల్ల రిబ్బను తీసి వేలికి చుట్టుకున్నాడు. "ఆయన సంతకం పెట్టాడు. రాసింది మీ నాన్న. నా రాత కోడి గెలికినట్టుండేది, తాసీల్దారు ఆఫీసు కాగితం పాడవుద్దని తనే రాశాడు. పేరు, తండ్రి పేరు, ఊరు, అన్నీ టకటకా రాసుకుపోయాడు. మతం గడి దగ్గర ఆగాడు. పెన్నులో ఇంకు అయిపోయిందేమో అనుకున్నా. రెండుసార్లు విదిలించాడు కూడా. తర్వాత రాశాడు. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు ఆ మాట. నేనూ ఎత్తలేదు."

గుడి రిజిస్టరులో నా బాప్తిస్మం తేదీ కూడా అదే చేత్తో రాసి ఉంది. ఆ 'క' ఒత్తు, ఆ గుండ్రటి 'ఱ' నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు.

బండి వస్తోందని మైకులో చెప్పారు. బాబాయి సంచిలోంచి సీసా తీసి ఇచ్చాడు. పచ్చడి వేరే గిన్నెలోకి తీసి, కడిగి, ఖాళీ సీసా పంపకూడదని పిన్ని పేరంటం శనగలు తాలింపు వేసి నింపింది. మూత మీద అవే నాలుగు రబ్బరు బ్యాండ్లు.

"విజయవాడ దాకా ఏమీ దొరకవు, తిను" అన్నాడు.